సూదిమందూ నేలవేమూ

మద్దమ్మకు భయం ఎక్కువని సిద్ధనకల్లులో అందరికీ తెలుసు. ఉరిమితే చెవులు మూసుకునేది. కొత్త మనిషి తమ గేరి వీధిలోకి వస్తే తలుపు దగ్గరికి లాక్కుని సందులోంచి చూసేది. అయితే వీటన్నిటికంటే పెద్ద భయం ఒకటుండేది ఆమెకు. కోళ్లకు మళ్లీ తెగులు తగులుతుందేమోనని.

అది ఊరికే పుట్టిన భయం కాదు. గంజి కేంద్రాల ముందు జనం చెంబులు పట్టుకుని నిలబడిన కరువు సంవత్సరంలో ఆమెకు పంతొమ్మిది కోళ్లుండేవి. చేను ఎండిపోయినా, కూలి దొరకకపోయినా, ఆ కోళ్ల వల్లే ఇంట్లో పొయ్యి వెలిగింది. గుడ్లు ఆలూరు సంతలో ఇచ్చి జొన్నలు తెచ్చుకునేది. ఒక సోమవారం ఎర్ర పుంజు నోరు తెరిచి కొర్రుకొర్రుమంది. మరునాటికి మెడ వెనక్కి తిప్పేసింది. శనివారం నాటికి గూట్లో ఒక్కటీ మిగల్లేదు. ఊళ్లో అందరి కోళ్లూ అట్లాగే పోయాయి. కొక్కెర తెగులు అన్నారు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ దక్కని మద్దమ్మ, ఆ పంతొమ్మిదింటినీ వంకలో ఒక్కతే పూడ్చి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తరువాత పత్తికొండ దగ్గర పుట్టింటికి పోయి రెండు పెట్టలను చంకన పెట్టుకుని తెచ్చింది. నాలుగేళ్లకు అవి ఇరవై మూడయ్యాయి. మగడు బొజ్జన్న రోడ్డు కంకర పనికి పోయి వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది మద్దమ్మా, అత్త గిడ్డమ్మా. గిడ్డమ్మకు కళ్లు సరిగ్గా కనిపించవు గానీ నోరు బాగా నడిచేది. కోడలిని పేరుపెట్టి పిలిచింది తక్కువ.

ఆ ఏడు ఫాల్గుణంలో, ఎండ ముదరక ముందు, తాలూకా పశువుల ఆసుపత్రి నుంచి దావీదురాజు అనే కాంపౌండరు సైకిలు మీద వచ్చాడు. వెనక క్యారియరుకు రంపంపొట్టు నింపిన పెట్టె, అందులో మంచుగడ్డ, మంచుగడ్డ మధ్య ఫ్లాస్కు. కోళ్లకు తెగులు రాకుండా సూది వేస్తారని తలారి చాటింపు వేశాడు. చాటింపు విన్న ఆడవాళ్లు ఎవరి కోళ్లను వాళ్లు గంపల కింద మూసేసి పైన రాయి పెట్టారు. సర్కారు వాళ్లు ఉత్తినే మందు వేస్తామంటే నమ్మేదెట్లా?

మద్దమ్మ కూడా మూసేసింది. కానీ హొళగుంద దిక్కున ఏదో ఊళ్లో కోళ్లు నోళ్లు తెరుస్తున్నాయని ముందటి సంతలో విన్న మాట ఆమెను నిలవనీయలేదు. కొంగు నెత్తిన కప్పుకుని, చావడి ముందు ఒక్కడే కూర్చున్న దావీదురాజు దగ్గరికి పోయింది.

"సామీ, ఈ సూదేస్తే కోళ్లు సావవు కదా?"

"చావనే చావవని నేను చెప్పనమ్మా," అన్నాడతను. "బలంగా ఉండేటివి రెండు రోజులు ముడుచుకుని లేస్తాయి. బలం లేనివి తట్టుకోలేవు. రెండు నెలల లోపు పిల్లలకు వెయ్యనే వెయ్యను."

"వేస్తే తెగులు రాదా?"

"రాదు."

ఆ ఒక్క మాటకు ఆమె కాళ్లు ఇంటి దారి పట్టాయి. అంతలో అతను వెనక నుంచి అడిగాడు.

"ఏమమ్మా, ఒక మాట. రెట్టలో పురుగులు పడతాండాయా? ఏలికపాములుంటే ముందు అవి పోవల్ల. కడుపు చెడిన కోడికి ఈ మందు వేస్తే శానా కష్టం. నిజం చెప్పు. ఉంటే ఇంగో నెలకొచ్చి వేస్తా."

మద్దమ్మ రెట్టలో తెల్లటి దారాల్లాంటి పురుగులను సంక్రాంతి నాటి నుంచీ చూస్తూనే ఉంది. నోటి దాకా వచ్చింది నిజం. కానీ నెల అన్న మాట విని గుండె జారిపోయింది. తెగులు నెల ఆగుతుందా? ఇతను మళ్లీ వస్తాడని ఏమి నమ్మకం?

"లేవు సామీ," అంది. "సుబ్బరంగా ఉండాయి."

ఇంటి ముందు ఆమె కోళ్లను ఒక్కొక్కటే పట్టి ఇస్తుంటే దావీదురాజు రెక్క ఎత్తి సూది గుచ్చాడు. ఎదురింటి హనుమంతమ్మ గడపలో నిలబడి చూస్తూ ఉంది. ఆమెకు పన్నెండు కోళ్లు. చూసి చూసి అడిగింది.

"మద్దమ్మా, ఉలిక్కిపడే నువ్వే ఏయిస్తాంటే నాకేం భయం? నన్ను గుడ్క ఏయించమంటావా?"

"ఏయించు వదినా. ఏమీ కాదు. నాది పూచీ."

ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలీదు. పుట్టి బుద్ధెరిగాక దేనికీ పూచీ పడని మనిషి. దావీదురాజు హనుమంతమ్మను కూడా పురుగుల సంగతి అడిగితే, ఆమె మద్దమ్మ వైపు చూసింది. "రెండిళ్ల కోళ్లూ ఒకే దిబ్బ మీద మేస్తాయి సామీ. ఏమీ లేవు," అని మద్దమ్మే చెప్పింది.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చి చూస్తానని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో సూది పడింది ఆ రెండిళ్ల కోళ్లకే.

మూడు రోజులు బాగానే ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున గూడు తలుపు తీస్తే సగం కోళ్లు బయటికి రాలేదు. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలన కూర్చున్నాయి. కింద ఆకుపచ్చని నీళ్ల రెట్ట. మద్దమ్మకు ఒళ్లంతా చెమట పట్టింది. కరువునాటి వాసన ముక్కుకు తగిలినట్టయింది. మరునాడు ఒక పెట్ట కాళ్లు చచ్చుబడి, రెక్కలు నేలకు కొట్టుకుంటూ చచ్చిపోయింది. అదే పొద్దున ఎదురింట్లో హనుమంతమ్మ ఏడుపు వినిపించింది. వాళ్లవి రెండు పోయాయి.

హనుమంతమ్మ మగడు సుంకన్న ఎద్దుల బండి తోలే మనిషి. చేతిలో ముల్లుకర్ర లేనిదే మాట్లాడడు. చచ్చిన రెండు కోళ్లనూ కాళ్లు పట్టి తెచ్చి మద్దమ్మ వాకిట్లో పడేశాడు.

"పూచీ అంటివి కదమ్మే? ఇదేనా నీ పూచీ?"

మద్దమ్మ గోడకు అతుక్కుపోయింది.

"అన్నా, నావి గుడ్క..."

"నీవి పోతే నీ కర్మ. నా పెండ్లాం యాల నమ్మల్ల నీ మాట? వానికి చెప్పు. మళ్లా ఈ ఊళ్లో కాలు పెడితే సైకిలూ ఇరుగుతాది, కాలూ ఇరుగుతాది."

అన్నంత పనీ చేసే మనిషని ఊరికి తెలుసు. అతను పోయాక కూడా మద్దమ్మ అక్కడే కూలబడి ఉంది. సూది వేసిన మనిషి అడగనే అడిగాడు. తానే అబద్ధం చెప్పింది. ఈ సంగతి సుంకన్నకు తెలిస్తే? తెలియకుండా దాస్తే, ఏ పాపమూ ఎరుగని ఆ మనిషిని కొడితే?

లోపల మంచం మీద నుంచి గిడ్డమ్మ గొంతు వచ్చింది.

"ఏమ్మే, ఆ సచ్చిన కోడి రెట్ట యా రంగుండాది?"

"పచ్చగా ఉండాది అత్తా. నీళ్ల మాదిరి."

"పురుగులుండాయా?"

"అది అత్తా..." అని మద్దమ్మ నసిగింది.

"ఉండాయిలే. నీ గొంతులోనే తెలుస్తాండాది. కడుపు నిండా పురుగులు పెట్టుకున్న కోడికి సూదేయిస్తివి. ఆ దూలానికి కట్టిన నేలవేము మోపు దించు. వాము, ఎల్లిపాయ తీసకరా."

గిడ్డమ్మ వయసులో ఉన్నప్పుడు గొర్రెలకూ కోళ్లకూ మందులు చేసిన మనిషి. చేదుగా ఉండే ఆ ఎండు నేలవేము ఆకును వెల్లుల్లి, వాము, చిటికెడు పసుపుతో మెత్తగా నూరించింది. జొన్న సంగట్లో కలిపి రేగ్గింజంత ఉండలు చేయించింది. పొద్దునొకటి, సాయంత్రం ఒకటి గొంతులోకి తోయాలి. నీళ్లకు బదులు పల్చటి మజ్జిగ పెట్టాలి.

ఉండలు చేస్తున్న మద్దమ్మ చేతులు మధ్యలో ఆగిపోయాయి. కొత్త భయం పట్టుకుంది.

"అత్తా, ఇంత చేదు పోతే లోపలుండే సూదిమందు ఇరిగిపోదా? అప్పుడు తెగులొస్తే?"

"అది నాకు తెలీదు. నా కాలంలో ఈ సూదులే ల్యా," అంది గిడ్డమ్మ.

మద్దమ్మకు ఆ పగలంతా కాళ్లు నిలవలేదు. ఇస్తే సూది పోతుందేమో, ఇవ్వకపోతే కోళ్లే పోతాయేమో. ఆఖరికి మిగిలిన ఇరవై రెండింటినీ రెండు గంపల కింద సగం సగం వేసింది. ఒక గంపలో వాటికి ఉండలు మింగించింది. రెండో గంపలో వాటికి ఉత్త నూకలు, నీళ్లు పెట్టింది. ఎటుపోయినా సగమైనా దక్కుతాయని ఆమె ఆశ. ఏ సగమో తెలియకనే ఆమె దడ.

మూడో రోజుకు మందు మింగినవాటి గంప కింద చూస్తే, రెట్టతో పాటు పురుగులు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. చూసి మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మరునాటికి రెట్ట గట్టిపడింది, పైన తెల్ల పూత కనిపించింది. కోళ్లు మెడలెత్తి గంపను పొడవసాగాయి. రెండో గంపలో రెండు చచ్చిపోయాయి. మిగిలిన తొమ్మిదీ నిలబడలేక నిలబడుతున్నాయి. ఇంక ఆమె ఆగలేదు. వాటికీ ఉండలు మింగించింది.

తరువాత ఆకులో ఉండలు కట్టుకుని ఎదురింటికి పోయింది. నిజం చెప్పేద్దామనే పోయింది. దారిలో నాలుగుసార్లు మాటలు కూర్చుకుంది. గడపలో సుంకన్నను చూడగానే కూర్చుకున్నవన్నీ చెదిరిపోయాయి.

"వదినకు ఈ మందు ఇయ్యండి అన్నా. కోళ్ల కడుపు బాగైతాది," అని మాత్రం అనగలిగింది.

సుంకన్న ఆ పొట్లం అందుకుని విప్పి చూసి, దిబ్బ మీదికి విసిరేశాడు.

"మొన్న సూది, ఇప్పుడు ఆకు. రేప్పొద్దున ఇంగేం తెస్తావమ్మే? పో ఈడ్నుంచి."

లోపల హనుమంతమ్మ వింటూనే ఉంది. బయటికి రాలేదు. తరువాతి రోజుల్లో వాళ్లవి ఇంకో రెండు పోయాయి. వాకిట్లో ముగ్గు వేస్తున్నప్పుడు ఎదురుపడితే హనుమంతమ్మ ముఖం తిప్పుకునేది.

పదిహేనో రోజు వచ్చింది. సుంకన్న ఆ రోజు బండి కట్టలేదు. ఇంకో ముగ్గురితో ఊరి మొదట్లో చింతచెట్టు కింద కూర్చున్నాడు. నలుగురి చేతుల్లోనూ కర్రలున్నాయి. మద్దమ్మ మిద్దె మీదికెక్కి చూసి దిగింది. మళ్లీ ఎక్కింది. బొజ్జన్న ఉంటే అతన్నన్నా పంపేది. అతను పనిలో ఉన్నాడు.

"నువ్వు పోతావా, నన్ను పట్టుకుని పొమ్మంటావా?" అంది గిడ్డమ్మ మంచం మీద నుంచి.

మద్దమ్మ వెనక దారిన చేలల్లో పడి నడిచింది. పత్తి మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నా చూసుకోలేదు. వెనక ఎవరైనా వస్తున్నారేమోనని పది అడుగులకొకసారి తిరిగి చూసింది. ఆలూరు దారిలో మైలు దూరం పోయాక సైకిలు కనిపించింది. చేతులు రెండూ అడ్డం పెట్టి నిలబడింది.

"సామీ, ఎనక్కి పో. కొడతారు నిన్ను."

దావీదురాజు దిగాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. అతని ముఖంలోనూ రంగు మారింది.

"యాల కొడతారు? చచ్చినాయా?"

"నావి మూడు, వాళ్లవి నాలుగు. నీ తప్పు ల్యా సామీ. పురుగులుండినాయి. నువ్వడిగితే లేవంటి. వాళ్లయి గుడ్క లేవని నేనే చెప్పినా. తెగులొస్తాదని భయపడి చెప్పినా."

తిడతాడనుకుని ఆమె తల వంచుకుంది.

"ఈ మాట వాళ్ల ముందర చెప్తావా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"నేను ఎనక్కి పోతే ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంగ ఒక్క కోడికి సూది పడదు. నడువమ్మా," అన్నాడు. సైకిలు నడిపించుకుంటూ ఆమె పక్కనే ఊరి వైపు వచ్చాడు.

చింతచెట్టు దగ్గర నలుగురూ లేచి నిలబడ్డారు. ఆ పొద్దునే చచ్చిన ఐదో కోడిని సుంకన్న దావీదురాజు కాళ్ల ముందు పడేశాడు.

"దీనికి జవాబు చెప్పప్పా."

"చెప్తా. కొట్టేది తర్వాత కొడుదువు. ముందు దీన్ని చూడు."

దావీదురాజు సంచిలోంచి చాకు తీసి, రాతి మీద కోడిని వెల్లకిలా పెట్టి కడుపు కోశాడు. పేగును చివర నుంచి చివరకు చీల్చాడు. లోపల చోటు లేదు. తెల్లటి పురుగులు వడితిప్పిన దారాల్లా కుక్కుకుని ఉన్నాయి. పేగు గోడ ఎర్రగా పుండు పడి ఉంది. ఒకడు ఛీ అని వెనక్కి జరిగాడు.

"ఇంత తిండీ ఇవే తినేస్తాంటే కోడికి బలమెట్లొస్తాది? బలం లేని కోడి సూదికి తట్టుకోలేదు. అడిగినా నేను ఆ పొద్దు."

"యా పొద్దు అడిగినావప్పా?" అన్నాడు సుంకన్న.

అందరూ దావీదురాజు వైపే చూస్తున్నారు. అతను మద్దమ్మ వైపు చూడలేదు, ఆమె పేరూ ఎత్తలేదు. ఆమె ఊరుకుంటే ఊరుకోవచ్చు. మద్దమ్మకు చెవుల్లో హోరు పుట్టింది.

"అడిగినాడన్నా," అంది. తన గొంతు తనకే ఎక్కడి నుంచో వినిపించింది. "నన్నడిగినాడు. పురుగులుండాయని తెలిసీ లేవంటి. మీయి గుడ్క లేవని నేనే అంటి. కొడితే నన్ను కొట్టండి."

సుంకన్న చేతిలో ముల్లుకర్ర పైకి లేచింది. ఆమె కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి హనుమంతమ్మ మగని మణికట్టు పట్టుకుని ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆడదాని మీద చెయ్యెత్తుతావా? పా ఇంటికి," అంది. తరువాత మద్దమ్మ ముఖం చూడకుండానే చేయి చాపింది. "ఆ మందేదో ఇటియ్యి. ఇంగా ఏడు కోళ్లుండాయి."

సుంకన్న కర్రను నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి చచ్చేదాకా మద్దమ్మతో మాట్లాడలేదు.

దావీదురాజు గిడ్డమ్మ మంచం దగ్గర కూర్చుని మందు ఎట్లా చేసిందో వివరంగా అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. మందు మింగినవెన్ని, మింగనివెన్ని, ఎన్నో రోజుకు రెట్ట గట్టిపడిందని మద్దమ్మను మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె తనకున్న భయం బయటపెట్టింది.

"సామీ, ఈ చేదుకు సూదిమందు ఇరిగిపోయింటాదా?"

"ఇరగదనుకుంటానమ్మా. కానీ నేను సదివిన దాంట్లో యాడా రాయలేదు. తెలీంది తెలుసని చెప్పలేను."

ఆ మాట ఆమెను ఇంకా కుంగదీసింది. ఇప్పుడు ఇరవై కోళ్లూ ఆ మందు తిన్నవే.

చైత్రం వెళ్లీ వెళ్లకముందే కిందిగేరిలో ఒక పుంజు నోరు తెరిచింది. రెండు రోజుల్లో ఆ గేరి మొత్తం పాకింది. కొర్రుకొర్రుమనే చప్పుడు ఇంటింటి నుంచీ వినిపించేది. చచ్చిన కోళ్లను జనం బుట్టలతో వంకకు మోసుకుపోతున్నారు. మద్దమ్మ తన కోళ్లను ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకుంది. అయినా పక్కింటి కోళ్లు చచ్చేముందు మిద్దె మీదికెక్కి రెట్ట వేసి పోయాయి. ఆమె గూటి ముందే కూర్చుని ఒక్కొక్క కోడి మెడ నిమిరి చూసేది. అన్నం గొంతు దిగేది కాదు. ఒకరోజు నల్ల పెట్ట చీదింది. మద్దమ్మ కెవ్వున అరిచి అత్త మీద పడిపోయింది. గిడ్డమ్మ పెట్టను తెమ్మని చేత్తో తడిమి, ముక్కులోంచి జొన్న పొట్టు లాగి పారేసి, "ముందు నీకు పోయల్ల మందు," అని కసిరింది.

ఐదో రోజు గడిచింది. ఏడో రోజు గడిచింది. పైనున్న మేలుగేరిలో కూడా కోళ్లన్నీ పోయాయి. పన్నెండో రోజు నాటికి ఊళ్లో కొక్కొరోకో వినిపించేది రెండిళ్లలోనే. మద్దమ్మవి ఇరవై, హనుమంతమ్మవి ఏడు. ఒక్కటి కూడా మెడ తిప్పలేదు.

పదమూడో రోజు పొద్దున ఎవరో తలుపు తట్టారు. సందులోంచి చూస్తే హనుమంతమ్మ. మద్దమ్మ తెరవడానికి జంకింది.

"తియ్యమ్మే తలుపు. నేనే," అంది హనుమంతమ్మ. లోపలికి వచ్చి గూటి ముందు చతికిలబడింది. కోళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "ఆ పొద్దే నిజం చెప్పింటే నా ఐదూ ఉండేటివి," అంది చివరికి.

"ఔ వదినా."

"నువ్వు ఏయించమనకుంటే ఈ ఏడు కోళ్లూ లేకపోతాండె."

మద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఏడు దావీదురాజు వచ్చేసరికి చావడి ముందు గంపలు వరుసకట్టాయి. సూదికి పది రోజుల ముందే నేలవేము ఉండలు మింగించాలని అతనే చాటింపు వేయించాడు. ఉండలు కట్టడం మద్దమ్మ పని అయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చి అడిగేవారు. ఎవరు వచ్చినా ఆమె ముందు వాళ్ల కోళ్ల రెట్ట చూపించమనేది, నోటిమాట నమ్మేది కాదు. గిడ్డమ్మ రెండేళ్లకు పోయింది. మద్దమ్మ ముసలిదయ్యేదాకా కోళ్లు పెంచింది. సూది వేసిన ప్రతిసారీ మొదటి నాలుగు రోజులు మాత్రం ఆమెకు తిండి సహించేది కాదు. ఆ నాలుగు రోజులూ హనుమంతమ్మ తన ఇంట్లో సంగటి చేసి తెచ్చి, ఎదురుగా కూర్చుని, తినేదాకా లేచేది కాదు.